చెప్పవలసిన వేళ చెప్పని మాట



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము విషాదమున ముగియు ప్రేమకథలను గుఱించినది. పంటలు, పన్నులు, నీటితగవులు ఉండగా ఈ ప్రేమకథల గొడవ మనకేల యని కొందఱు శంకింపవచ్చును. కాని మన యిండ్లలోని పడుచువారు రాత్రివేళ చేతనున్న ఫోనులో ఏ చిత్రమును చూచి కన్నీరు పెట్టుకొనుచున్నారో తెలిసికొనుట పెద్దలకు అనవసరము కాదు. ఆ కన్నీటిలో మన పాలెంత యని విచారించుటయు మన ధర్మమే.

ఇట్టి కథలలో తెలుగువారి కెల్లరకును తెలిసినది దేవదాసు. ఈ కాలపు పిల్లలు మెచ్చుకొను వానిలో ఒకటి జపానుదేశపు బొమ్మల చిత్రము; దాని పేరునకు సెకనుకు ఐదు సెంటీమీటర్లు అని యర్థము. మొదటిది 1953 నాటిది, రెండవది 2007 నాటిది. దేశము వేఱు, భాష వేఱు, కాలము వేఱు. అయినను ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో నాకొక సంగతి స్పష్టముగ తోచుచున్నది. ఈ కథలలోని పడుచువారిని చెఱిచినది విధియు కాదు, మద్యమును కాదు. చెప్పవలసిన వేళ నోట రాక నిలిచిపోయిన మాట. దానినే కొంచెము విస్తరించి మీకు మనవి చేసెదను.

దేవదాసు కథ పుట్టినది వంగదేశమున. శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుడు దానిని యౌవనమున, ఇంచుమించు 1901 ప్రాంతమున వ్రాసి, చాలకాలము అచ్చు వేయింపక యుంచెను. అది 1917లో పుస్తకరూపమున వెలువడినది. తెనాలి చెంతనున్న ఐతానగరమునకు చెందిన చక్రపాణి క్షయరోగ చికిత్సకై మదనపల్లెలో నున్న దినములలో వంగభాష నేర్చుకొని, శరద్బాబు నవలలను తెలుగు చేసెను. ఆ తెలుగు ఎంత సహజముగ నుండెననగా, శరత్తు తెలుగువాడే యని నమ్మిన పాఠకులు లేకపోలేదు. మా వేటపాలెమున 1918లో వెలసి, 1929లో మహాత్మాగాంధిచే భవనమునకు శంకుస్థాపన జరుపుకొన్న సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములే ఆ కాలమున మగ్గము ముందు కూర్చుండువారికిని, పొలము దున్నువారికిని ఇట్టి పుస్తకములను అందించినవి. కావున సినిమా రాకమునుపే దేవదాసు మన పల్లెలకు పరిచితుడు.

1935లో ప్రమథేశ బారువా ఈ కథను వంగభాషలో చిత్రముగ తీసి, తానే దేవదాసుగ నటించెను. హిందీ చిత్రమున సైగల్ ఆ పాత్రను ధరించి పాడెను. 1953 జూను 26వ తేదీన తెలుగు దేవదాసు విడుదలయినది. డి.ఎల్. నారాయణ నిర్మాత, కూచిపూడి నాట్యవిద్యలో పండినవాడైన వేదాంతం రాఘవయ్య దర్శకుడు, మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్యులవి. సంగీతము కూర్చిన సి.ఆర్. సుబ్బరామన్ చిత్రము విడుదల కాకమునుపే, 1952లో, చిన్నవయసుననే కన్నుమూసెను. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు. గుంటూరు సీమలోని చిర్రావూరున పుట్టి, అప్పటికి ఇరువదియేండ్లయినను నిండని సావిత్రి పార్వతి. పాటలకు గొంతునిచ్చినవాడు ఘంటసాల. ఆ గొంతు వినబడని వివాహపు పందిరియు, తిరునాళ్ళయు ఆ దినములలో అరుదు.

ఇక కథకు వత్తము. దేవదాసు జమీందారు కొడుకు. పార్వతి ఇరుగింటి పిల్ల. ఇద్దఱు ఒక్క బడిలో చదివి, ఒక్క తోటలో ఆడి పెరిగిరి. పార్వతికి పెండ్లియీడు వచ్చినప్పుడు ఆమె నాయనమ్మ దేవదాసు తల్లితో సంబంధపు మాట కదపినది. జమీందారు అంగీకరింపలేదు. వారి యభ్యంతరములు రెండు: ఒకటి ఇల్లు దగ్గఱ, రెండవది ఆ కుటుంబము ఆడపిల్లలకు కన్యాశుల్కము పుచ్చుకొను వంశము. గురజాడ అప్పారావుగారి నాటకమును ఎఱిగిన మనకు ఆ మాట క్రొత్తది కాదు.

అంతవఱకు కథ పెద్దలది. అక్కడినుండి పిల్లలది. ఒక రాత్రి, ఊరంతయు నిద్రించుచుండగా, పార్వతి ఒంటరిగ నడచి దేవదాసు గదికి పోయినది. తన్ను చేపట్టుమని యడిగినది. పరువు పోవునేమో యని భయపడవలసినది ఆమె. భయపడినవాడు మాత్రము అతడు. తల్లిదండ్రుల యిష్టము లేదుగదా యని గొణిగెను. అవుననలేదు, కాదనలేదు. మఱునాడు తండ్రితో ఒక మాట అని చూచెను. తండ్రి మండిపడగనే కలకత్తాకు వెడలిపోయెను. అక్కడినుండి పార్వతికొక ఉత్తరము వ్రాసెను. పెద్దల మనస్సు నొప్పింపజాలననియు, ఆమెపై తనకంత గాఢమైన ప్రేమ యున్నట్లు ఎన్నడును తోచలేదనియు దాని సారాంశము.

ఆ ఉత్తరమును తపాలాపెట్టెలో వేసిన క్షణముననే అతని గుండె గుభేలుమన్నది. తాను వ్రాసినది నిజము కాదని అప్పుడు తెలిసినది. తిరిగి ఊరికి పరుగెత్తి వచ్చెను. అప్పటికి పార్వతికి వేఱొక సంబంధము కుదిరినది. వరుడు ఎదిగిన బిడ్డలు గల విధురుడైన జమీందారు. చెఱువుగట్టున దేవదాసు ఆమెను కలిసికొని, తల్లిదండ్రులను ఎట్లయిన ఒప్పింతునని బ్రతిమాలెను. ఈ మాఱు కాదన్నది పార్వతి. నీకు తల్లిదండ్రులున్నట్లే నాకును ఉన్నారుగదా యని ఆమె అభిమానము పలికినది. అతడు కోపము పట్టలేక చేతనున్న గాలపుకఱ్ఱతో ఆమె నుదుట కొట్టెను. ఆ మచ్చ ఆమెకు కడవఱకు నిలిచినది.

పెద్దలు గమనింపవలసిన చోటు ఇదియే. అర్ధరాత్రి గదిలో ఆమె అడిగినప్పుడు అతనికి మాట లేదు. చెఱువుగట్టున అతనికి మాట వచ్చినప్పుడు ఆమెకు వినుటకు మనస్సు లేదు. ఈ రెంటికిని నడుమ గడచినది కొన్ని దినములు మాత్రమే. ఆ కొన్ని దినముల జాగుచే రెండు జీవితములు చెడినవి. చంద్రముఖి యను మూడవ జీవితమును వాని వెంట కలసినది. మన నేతగాండ్రకు ఇది చెప్పనక్కఱలేదు. పడుగులో పోగు తెగినచో మగ్గము నిలిపి అప్పుడే అతుకవలెను. తరువాత చూతమని నేసికొనుచు పోయినచో, ఆ లోటు బట్ట పొడవునను గీతవలె సాగును. పిమ్మట ఎంత నేర్పరియైనను దానిని మాన్పలేడు.

మన యాలంకారికులు ఈ విషయమును ఏనాడో శాస్త్రరీతిని విమర్శించియున్నారు. శృంగారము సంభోగమనియు విప్రలంభమనియు రెండు విధములు. విప్రలంభమనగా ఎడబాటు. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దానిని పూర్వరాగము, మానము, ప్రవాసము, కరుణము అని నాలుగు తెఱగులుగ విభజించెను. కలిసికొనకమునుపే పుట్టు తహతహ పూర్వరాగము, అలుక మానము, దూరదేశమున నుండుట ప్రవాసము. దేవదాసు కథలో ఈ మూడును వరుసగ కానవచ్చును. గదిలోని రాత్రి పూర్వరాగము, కలకత్తా ప్రవాసము, చెఱువుగట్టు మానము. తిరిగి కలియుదురను ఆశ యున్నంతవఱకే అది శృంగారము; ఆశ తెగినపిమ్మట అది కరుణరసము. పార్వతి మెడలో మంగళసూత్రము పడిన క్షణమున ఈ కథ ఆ గట్టు దాటినది. ప్రేక్షకుడు ఏడ్చుట దేవదాసు మరణించినందులకు మాత్రమే కాదు. ఆ గట్టు దాటకయుండుటకు వీలుండెను గదా యని.

అయితే లోకులకు జ్ఞప్తి యున్నదేమి? గడ్డము, సీసా, ప్రక్కన కుక్క. ఎవడైన కుఱ్ఱవాడు దిగులుగ గడ్డము పెంచుకొన్నచో దేవదాసయినాడని వెక్కిరించుట మన వాడుకయై పోయినది. త్రాగుబోతు వేషమునకై తాను రాత్రి షూటింగులకు ముందు పెరుగన్నము కడుపునిండ తినెడివాడననియు, ఆ మత్తుచే కన్నులు వాలి ఆ చూపు కుదిరినదనియు అక్కినేని తరువాతి కాలమున చెప్పుకొనెను. ఎంత నేర్పుగ నటించినను అది పైవేషము. మద్యము ఈ కథలో రోగము కాదు. రోగము ముదిరిన పిమ్మట కనబడు లక్షణము. లక్షణమును చూచి నవ్వువారు రోగమును కానకపోవుట వింత.

ఈ రోగమునకు కారణము పెద్దల మొండితనమే యని కొందఱు తీర్పు చెప్పుదురు. అది సగము నిజము. జమీందారు తన యంతస్తును చూచుకొనెనే గాని కొడుకు మొగమును చూడలేదు. ఇరువురు యోగ్యులైన పిల్లల నడుమ కన్యాశుల్కపు పట్టింపును గోడగ నిలిపిన యా పెద్దలను నేను సమర్థింపను. కాని మిగిలిన సగము? పెద్దలు అడ్డము రాని చోట ఈ కథ సుఖముగ ముగియునా? దీనికి ప్రత్యుత్తరము జపాను చిత్రమున లభించును.

వేలకొలది బొమ్మలు చిత్రించి, వానిని ఒకదాని వెనుక నొకటి వేగముగ నడపి, కదలినట్లు భ్రమ కల్పించు చిత్రములను జపానువారు అనిమే యందురు. అవి పసిపిల్లల వినోదమునకు మాత్రమే యని మనము తలంతుము గాని, ఆ దేశమున పెద్దవారి సుఖదుఃఖములనుగూడ ఈ బొమ్మలలోనే చెప్పుదురు. నేను పేర్కొన్న చిత్రమునకు దర్శకుడు మకోతో షింకాయ్. దాని నిడివి గంటకు పైగా మూడు నిమిషములు మాత్రమే. అందు మూడు భాగములు. ఆ దేశపు చెఱ్ఱీచెట్ల పూరేకులు నేల రాలు వేగము సెకనుకు ఐదు సెంటీమీటర్లని అందొక బాలిక చెప్పును. ఆ పేరు దానినిబట్టి వచ్చినది.

తాకకి, అకరి యను బాలబాలికలు టోకియో నగరమున ఒకే బడిలో చదువుచుండిరి. ఇద్దఱి తల్లిదండ్రులును ఉద్యోగములచే ఊళ్ళు మాఱువారు. ఇద్దఱును బలహీనులు, ఆటస్థలమున కంటె గ్రంథాలయమునే మక్కువపడువారు. చిన్నబడి ముగియగనే అకరి కుటుంబము దూరపు సీమకు తరలినది. కొంతకాలము ఉత్తరములు నడచినవి. అంతలో తాకకి కుటుంబమును దక్షిణపు కొననున్న దీవికి పోవలసివచ్చెను. పోకమునుపు ఒక్కమాఱు చూచుటకై ఆ బాలుడు ఒంటరిగ రైలెక్కెను. మంచు కురిసి రైళ్ళు గంటలకొలది ఆలస్యమైనవి. ఆమెకిచ్చుటకు మనస్సంతయు విప్పి వ్రాసికొన్న ఉత్తరము దారిలో, ఒక స్టేషనున, గాలికి ఎగిరిపోయెను. రాత్రి పొద్దుపోయి అతడు చేరునప్పటికి అకరి వంటచేసి తెచ్చిన అన్నపు మూటతో స్టేషనులోనే కాచుకొనియుండెను. ఇద్దఱును కలిసికొనిరి; తెల్లవాఱి విడిపోయిరి. ఉత్తరము పోయినదని అతడు చెప్పలేదు. తానును ఒక ఉత్తరము వ్రాసి తెచ్చితినని ఆమె చెప్పలేదు, ఇవ్వనులేదు.

రెండవ భాగమున, ఆ దీవిలో కనయె యను మఱొక బాలిక తాకకిని వలచును. చెప్పవలెనని అనేక మాఱులు తలంచి, అతని చూపు తనకు అందని దూరమున నున్నదని గ్రహించి, చెప్పకయే ఊరకుండును. మూడవ భాగమున తాకకి పెద్దవాడై టోకియోలో ఉద్యోగము చేసి విసిగి, దానిని విడిచిపెట్టును. అకరికి వేఱొకరితో పెండ్లి నిశ్చయమైయున్నది. ఒకనాడు రైలుదారి దాటుచోట ఇద్దఱును ఎదురెదురుగ నడచి ఒకరినొకరు దాటిపోవుదురు. ఆమెయే యేమో యని అతడు వెనుదిరిగి చూచుసరికి రైళ్ళు అడ్డము వచ్చును. మా వేటపాలెము మీదుగ విజయవాడ నుండి చెన్నపట్టణమునకు రైలుదారి పోవుచున్నది. బండి సాగినంతసేపు ఆవలివారు కానరాకుండుట మాకు నిత్యానుభవమే. ఆ బండ్లు పోయినపిమ్మట ఆవలివైపు ఎవరును లేరు. అతడు చిఱునవ్వు నవ్వి తన దారిని తాను పోవును. చిత్రము ముగియును.

పెద్దలారా, ఈ కథలో కాదన్న తండ్రి లేడు. అంతస్తు లేదు, కులము లేదు, శుల్కము లేదు. అయినను ఫలము దేవదాసు కథవంటిదే. పెద్దలు గోడ కట్టని చోట ఈ పిల్లలు తమ వెఱపుతో తామే గోడ కట్టుకొనిరి. కాబట్టి తప్పంతయు పెద్దలదే యనుట ఎంత తొందరపాటో, పిల్లలకు ధైర్యము లేదని గేలిచేసి ఊరకుండుటయు అంతే తొందరపాటు. ఈ సంకోచము యౌవనమునకు సహజము. నాకిష్టమని చెప్పుటలో, కాదనిపించుకొను అవమానమునకు తల యొగ్గుట యిమిడియున్నది. ఆ యవమానమును తప్పించుకొనుటకే మనుష్యుడు మాటను రేపటికి వాయిదా వేయును. రేపటికి బండి కదలిపోవును.

రెండు చిత్రములకును ఒక్క భేదము కలదు. దేవదాసు ఆ మాటను మఱువలేక, బ్రతుకును సీసాలో ముంచి, కడపట పార్వతి యింటిముంగిట చెట్టుక్రింద ప్రాణము విడిచెను. జపాను యువకుడు నవ్వి ముందునకు నడచెను. నేటి పిల్లలు మొదటిదానిని చూచి ఏడ్చినను, రెండవదానినుండి నేర్చుకొనవలసినది ఉన్నదని నా యభిప్రాయము. జాఱిపోయిన దానికై వగచుట మానుషము. దానికై ప్రాణము తీసికొనుట ధర్మము కాదు.

మాట వేళకు పలికినచో ఏమగునో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. పోతనగారి భాగవతమున రుక్మిణీకల్యాణము మనయందెందఱికో కంఠస్థము. అన్న రుక్మి శిశుపాలునికి ఇచ్చుటకు నిశ్చయించెను. తండ్రి భీష్మకుడు కొడుకును కాదనలేకపోయెను. ముహూర్తము ముంచుకొని వచ్చుచున్నది. రుక్మిణి ఏడ్చుచు కూర్చుండలేదు. అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుని పిలిచి, తన మనస్సును, ముహూర్తమును, తాను గౌరీపూజకు ఊరి వెలుపలికి వచ్చు వేళను, అన్నిటిని స్పష్టముగ చెప్పి పంపెను. కృష్ణుడును రేపు చూతమనలేదు. ఆ రాత్రియే రథమెక్కెను. మన ముత్తైదువలు కన్యలచే ఈ కథను పారాయణము చేయించుచు వచ్చిరి. అందలి భక్తితోపాటు ఈ తెలివినిగూడ వారు మెచ్చిరని నేను నమ్ముదును. పార్వతియు రుక్మిణి వలెనే ధైర్యముగ అడిగినది. విన్నవాడు వేఱు, అందుచే ఫలము వేఱు.

ఇంతకును పెద్దలు చేయవలసినదేమి? నాకు తోచిన మూడు మాటలు మనవి చేసెదను.

మొదటిది, అడుగుట. సంబంధము చూచుటకు ముందే కొడుకునైన, కూతునైన ఏకాంతమున కూర్చుండబెట్టి, నీ మనస్సున ఎవరైన ఉన్నారా యని నెమ్మదిగ అడుగుడు. నలుగురి నడుమ అడిగినచో లేదనియే యందురు. దేవదాసును అతని తల్లి ఒక్కమాఱు ఆ విధముగ అడిగియున్నచో, కలకత్తానుండి ఆ ఉత్తరము వచ్చియుండెడిది కాదేమో.

రెండవది, ఆగుట. అడిగిన వెంటనే ప్రత్యుత్తరము రాకపోయినచో కోపింపకుడు. మాట గొంతువఱకు వచ్చి నిలిచిన పిల్లలకు రెండు దినములు గడువిండు. ఈ కాలపు పిల్లలు చదువునకు హైదరాబాదునకును, ఉద్యోగమునకు అమెరికాకును పోవుచున్నారు. చేతిలో ఫోనున్నది, మాటలకు లోటు లేదు. కాని అసలు మాట మాత్రము పూర్వమువలెనే గొంతున నిలిచియున్నది. జపాను బాలుని ఉత్తరము గాలికి పోయినది. మన పిల్లల ఉత్తరములు వ్రాసి, పంపకమునుపే తుడిచివేయబడుచున్నవి.

మూడవది, వినుట. చెప్పినది మనకు నచ్చకపోవచ్చును. తగదని తోచినచో కారణము చెప్పి వాదింపవచ్చును. పెద్దల యనుభవము వృథా కాదు. కాని చెప్పినందులకు దండింపకుడు. ఒక్కమాఱు దండించినచో ఆ యింట ఇక నెవ్వరును ఏ మాటయు చెప్పరు. తమ్ముడు అన్నను చూచి, చెల్లెలు అక్కను చూచి నోరు మూసికొందురు. 1955 నాటి హిందూ వివాహ చట్టమును, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమును యుక్తవయస్కులకు పెండ్లి విషయమున స్వేచ్ఛ నిచ్చియున్నవి. చట్టము తలుపు తెఱువగలదు. ఇంటిలోని భయమును పోగొట్టవలసినవారు మాత్రము మనమే.

దేవదాసు చూచి ఏడ్చిన తరము నేడు తాతలును, అమ్మమ్మలును అయినది. మీలో అనేకులు ఆ చిత్రమును చూచి, పార్వతిని అతనికిచ్చి యుండవలసినదని నిట్టూర్చినవారే. తెఱమీది పార్వతికి చూపిన దయను ఇంటిలోని మనుమరాలికిని చూపుడని మాత్రమే నా ప్రార్థన. మీ మనుమడు ఒక రాత్రి బొమ్మల చిత్రము చూచుచు కన్ను తుడుచుకొనుట మీకు కనబడినచో, పిచ్చివాడా యని నవ్వకుడు. ప్రక్కన కూర్చుండి ఆ కథ యేమని అడుగుడు. కథ చెప్పుచు చెప్పుచు అతడు తన మాటను చెప్పవచ్చును.